తెరమీది ఇంగ్లీషు పంతుళ్లు

తెలుగు నేలకు వెలుపల తరతరములుగా కాపురముండు మన కుటుంబములలో, ఒక బిడ్డ తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు ఎన్ని భాషల గడపలు దాటవలసియుండునో లెక్కించి చూచినవారు అరుదు. మా బరంపురమున తల్లితో తెలుగు, వీధిలో ఒడియా, టెలివిజనున హిందీ, బడిలో ఇంగ్లీషు. చెన్నపట్టణమున ఒడియాకు మారుగా తమిళము, బెంగుళూరున కన్నడము, షోలాపురమున మరాఠీ, అంతియే భేదము. యానాములోని పాతతరమువారికి ఫ్రెంచి కూడ ఉండెడిది. ఇన్ని గడపలు అవలీలగా దాటు మన పిల్లలు, మన ఆడవారు, కడపటి గడపయైన ఇంగ్లీషు దగ్గర మాత్రము నిలిచిపోవుచున్నారు. తెలివి చాలక కాదు, సిగ్గు అడ్డుపడి.

ఆ సిగ్గును పోగొట్టగలది పంతులా, లేక నేడు ప్రతి ఇంటను ఫోనులో ఆడుచున్న పాఠముల వీడియోలా? మా సమాజమందిరమున ఆదివారపు ఇంగ్లీషు తరగతి పెట్టదలచిననాడు ఈ ప్రశ్నయే వచ్చినది. ఒక పక్షమువారు "పంతులెందుకు? గోడకు తెర కట్టి వీడియోలు వేసిన చాలును, జీతపు ఖర్చు మిగులును" అనిరి. రెండవ పక్షమువారు "తెర బుద్ధిని మొద్దుబార్చును, దానిని గడప త్రొక్కనీయరాదు" అనిరి. మేము గుమాస్తాగా బ్రతుకంతయు ఉభయపక్షముల కాగితములు చదివి నోటు వ్రాసినవారము గనుక, ఈ వివాదమునకును ఒక నోటు వ్రాయబూనితిమి.

పద్ధతి ఇది. ఇంగ్లీషు నేర్పువారిని, నేర్చుకొనువారిని చూపిన మూడు రచనలను తీసికొందుము: ఒక నాటకము, ఒక టెలివిజను ధారావాహిక, ఒక చలనచిత్రము. వానిని మూడు ప్రశ్నలతో పరీక్షింతము. ఇది నేర్చుకొనువాని సిగ్గును పెంచుచున్నదా, తగ్గించుచున్నదా? గురువు నిజముగా చేయు పనిని ఇది చూపుచున్నదా? ఇంటి భాషను ఇది ఏ కంట చూచుచున్నది?

మొదటి పంతులు మనవాడే. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరుగవ్రాయబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’లోని గిరీశమును ఎరుగని తెలుగువాడు లేడు. 1955లో ఆ నాటకము చలనచిత్రము కాగా, ఎన్. టి. రామారావుగారు ఆ వేషము ధరించిరి. గిరీశముగారి శిష్యుడు వెంకటేశము పరీక్ష తప్పినవాడు. గురువువద్ద అతడు చక్కగా నేర్చుకొన్న విద్య చుట్ట కాల్చుట. ఈ గురుశిష్యులు కృష్ణరాయపురాగ్రహారము చేరినప్పుడు, తల్లి వెంకమ్మ తన కొడుకు గురువుతో ఇంగ్లీషున మాటాడగా వినవలెనని ముచ్చటపడును. వీరిద్దరును వాచకములోని ముక్కలను, పద్యపు తునకలను, ఒకదానికొకటి పొత్తు లేకుండ, ప్రశ్నయు జవాబునువలె వల్లింతురు. తల్లి మురిసిపోవును. చూచువారు విరగబడి నవ్వుదురు.

మేమును చిన్ననాట నవ్వితిమి. ఈ వయస్సున తిరిగి చదివినప్పుడు మాకు వేరొకటి తోచినది. ఆ తల్లి ముచ్చటలో నవ్వదగినదేమియు లేదు. ఆమె చదువును ప్రేమించినది; మోసము చేసినది చదువు చెప్పెదనన్నవాడు. ఆ దృశ్యమున ఇంగ్లీషు మాట భావమును మోయుట లేదు, హోదాను మాత్రమే మోయుచున్నది. నేడు ఫోనులో ‘పది నిమిషములలో ముప్పది వాక్యములు’ అని వల్లెవేయించు వీడియోలు కోకొల్లలు. వానిలో కొన్ని మంచివే. కాని వాక్యము ఎవరితో, ఎప్పుడు, ఎందులకు పలుకవలెనో చెప్పక వల్లెవేయించు వీడియో ఎంత రంగులదైనను గిరీశముగారి పాఠమే. ఇంటిల్లిపాదియు విని మురియుదురు; బిడ్డ మాత్రము అంగడికి పోయి ఒక వస్తువు అడుగలేడు.

మరియొక విశేషము కలదు. ఈ మోసమును పట్టి చూపిన గురజాడవారు స్వయముగా విజయనగరమున మహారాజావారి కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసినవారు. తన తెలుగు నాటకమునకు ఇంగ్లీషున పీఠిక వ్రాసిరి. నాటకమును మాత్రము జనులు మాటాడు తెలుగున వ్రాసిరి. ఇంగ్లీషును బాగుగా ఎరిగిన అధ్యాపకునికి ఇంటిభాషను చిన్నచూపు చూడవలసిన అగత్యము లేదని వారి జీవితమే చెప్పుచున్నది.

రెండవ పంతులు బ్రౌను దొర. లండన్ వీకెండ్ టెలివిజన్ సంస్థ నిర్మించిన ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ అను హాస్యధారావాహిక 1977 డిసెంబరులో ఇంగ్లండున ఆరంభమై, 1979 వరకు మూడు విడతలుగాను, 1986లో నాలుగవ విడతగాను నడచినది. రచన విన్స్ పావెల్‌ది. లండనులోని సాయంకాలపు పాఠశాలలో పలుదేశములవారికి ఇంగ్లీషు చెప్పు జెరెమీ బ్రౌన్ వేషము బారీ ఎవాన్స్‌ది. ఆ తరగతిలో సిక్కు రంజీత్ సింగు, పాకిస్తానీ అలీ నదీము, భారతీయ గృహిణి జమీలా, ఇటలీవాడు, జర్మనీ ఆమె, చీనా ఆమె, జపానువాడు మొదలగువారందరును కలరు. నేటికిని మన యువకులు దీనిని ఫోనులలో చూచి నవ్వుచుందురు. ఇంగ్లీషు నేర్చుకొనువారికి దీనిని చూపుడని సలహా ఇచ్చువారును కలరు.

బ్రౌను దొర ఓర్పు గలవాడు. శిష్యులను అవమానింపడు. ఆయనయెడ మాకు గౌరవము కలదు. మా తగవు ఆయనను సృష్టించిన పద్ధతితో. జపాను విద్యార్థి ఇంగ్లీషు మాటల చివర ఓకారము తగిలించును. వెంటనే నవ్వులు మ్రోగును. మనము ఏమి చేయుచున్నాము? బస్సు, పెన్ను, బెంచి, రోడ్డు అని చివర అచ్చు చేర్చుచున్నాము. మన తెలుగు అజంతభాష. మన నాలుక హల్లుమీద నిలువనొల్లదు. అది తెలివితక్కువ కాదు, తల్లిభాష నాలుకమీద వేసిన ముద్ర. మంచి పంతులు ఆ ముద్రను చూచి నవ్వడు. ఈ బిడ్డకు పాఠము ఎచ్చట మొదలుపెట్టవలెనో దానివలననే గుర్తించును. ఈ ధారావాహిక ఆ ముద్రను నవ్వులాటగా అమ్ముకొన్నది. జాతులను ఎగతాళి చేయుచున్నదను విమర్శ దీనికి ఊరక రాలేదు.

ఇంతకంటె లోతైన లోపము ఒకటి కలదు. ఈ హాస్యము నడువవలెనన్న శిష్యులు ఎన్నడును ఇంగ్లీషు నేర్చుకొనరాదు. వారు నేర్చిన మరునాడు నవ్వు ఆగిపోవును. అనగా, గురువు శ్రమ ఫలింపకుండుటయే కథకు ప్రాణము. ఎంత మంచివాడైనను శ్రమ ఫలింపని గురువును విడతవెంట విడతగా చూచిన జనులకు గురువనిన ఏమి గౌరవము మిగులును? కనుక ఈ ధారావాహికను నేర్చినవారు వినోదమునకై చూడవచ్చును గాని, నేర్చుకొనువారి యెదుట వేయరాదని మా అభిప్రాయము. తమ నాలుకనుగూర్చియే లోకము నవ్వుచున్నదని తెలిసికొన్నవాడు నోరు విప్పడు.

మూడవ పంతులు డేవిడ్ ఫిషర్. గౌరీ షిండే దర్శకత్వమున వచ్చిన ‘ఇంగ్లీష్ వింగ్లీష్’ అను హిందీ చిత్రము 2012 అక్టోబరు 5న విడుదలైనది. తెలుగు, తమిళములలోను వచ్చినది. 1994 మొదలుకొని ప్రపంచ ఉపాధ్యాయ దినముగా జరుపబడుచున్నది ఆ అక్టోబరు 5వ తేదీయే. ఇది కాకతాళీయమే గాని ముచ్చటైన కాకతాళీయము. నాయిక శ్రీదేవి 1963లో తమిళనాట శివకాశి ప్రాంతమున తమిళ తండ్రికి, తెలుగు తల్లికి పుట్టిన బిడ్డ. మనవలె ఇంట ఒక భాష, బయట ఒక భాష ఎరిగి, పలుభాషల తెరలమీద వెలిగిన నటి. 2018 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూసినప్పుడు మన ఇండ్లలో బంధువు పోయినంత విచారము కలిగినది.

కథ తెలిసినదే. పూనాలోని శశి గోడ్బోలే లడ్డూలు చేసి అమ్ముకొను ఇల్లాలు. ఇంగ్లీషు రాదని భర్తయు, కూతురును ఆమెను చులకన చేయుదురు. కూతురి బడికి పోయినప్పుడు తల్లిని చూచి బిడ్డ సిగ్గుపడును. అక్క కూతురి పెండ్లికై ముందుగా ఒంటరిగా న్యూయార్కు చేరిన శశి, ఒక కాఫీ అంగడిలో కావలసినది అడుగలేక అవమానపడి, నాలుగు వారములలో ఇంగ్లీషు నేర్పెదమను తరగతిలో లడ్డూలు అమ్మి కూడబెట్టిన తన సొమ్ముతో రహస్యముగా చేరును. ఆ తరగతికి పంతులు డేవిడ్.

మన మూడు ప్రశ్నలు ఇచ్చట వేయుదము. సిగ్గు విషయమున ఈ చిత్రమునకు నూటికి తొంబది మార్కులు ఇయ్యవచ్చును. ఇది శశిని చూచి నవ్వదు. శశిని చూచి నవ్వువారిని మనకు చూపును. కాఫీ అంగడి దృశ్యమున కెమెరా ఆమె ప్రక్కనే నిలిచియుండును. ఆ గాభరా మన గుండెలో కొట్టుకొనును.

గురువు విషయమున ఒక ఘట్టము అపూర్వము. తాను ఇంట మిఠాయిలు చేసి అమ్ముదునని శశి వచ్చీరాని మాటలతో చెప్పగా, అట్టి పని చేయువారిని ‘ఆంత్రప్రెన్యూర్’ అందురని డేవిడ్ చెప్పును. ఆమె ఆ మాటను వీధివెంట నడచుచు పలికి పలికి చూచుకొనును. డేవిడ్ ఆమెకు ఇచ్చినది ఒక ఇంగ్లీషు మాట మాత్రమే కాదు. ఇంట ఎవరును లెక్కచేయని ఆమె పనికి లోకమున ఒక పేరు, ఒక పరువు కలదని తెలిపినాడు. శిష్యునివద్ద ముందే ఉన్నదానిని గుర్తించి, దానికి పేరు పెట్టుటయే ఉత్తమ గురువు చేయు పని. వీడియోలో వేయి మాటలు ఉండవచ్చును; వానిలో శశికి కావలసిన మాట ఏదియో ఎన్నిక చేయుటకు శశి ఎవరో తెలిసిన మనిషి కావలెను.

అట్లని చిత్రము తెరను నిరసింపలేదు. శశి రాత్రులందు ఇంగ్లీషు చిత్రములు చూచుచు, ఇంటిపాఠము వ్రాసికొనును. మా సమాజములోని ఉభయపక్షములకు తీర్పు ఈ కథలోనే కలదు: రాత్రి తెర, పగలు పంతులు. చెవికి అలవాటు తెరవలన, నాలుకకు ధైర్యము తరగతివలన.

ఇంటిభాష విషయమున కూడ చిత్రము ఉదారమైనది. శశియు, తోటి విద్యార్థియైన ఫ్రెంచి వంటవాడు లారెంటును, ఆమె హిందీలో, అతడు ఫ్రెంచిలో మాటాడుకొని, ఒకరి మనస్సు ఒకరు తెలిసికొందురు. కడపట విమానములో శశి హిందీ పత్రిక ఉన్నదా యని ఇంగ్లీషున అడుగును. ఇంగ్లీషు నేర్చుట ఇంటిభాషను విడుచుటకు కాదని ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట దుర్లభము.

ఇక లోపములు. విమర్శకుడు మెచ్చికోలుతో ఆగిన అది విమర్శ కాదు. మొదటిది, నాలుగు వారముల సంగతి. శశి వినికిడివలన ముందే కొంత ఎరుగునని సమాధానము చెప్పవచ్చును. అయినను భాష అంత త్వరగా పట్టుబడునను ఆశ నిజమైన విద్యార్థికి కీడు చేయును. ఐదవ వారమున మాట రాకున్న అతడు పద్ధతిని నిందింపడు, తన్ను తానే నిందించుకొనును. రెండవది, తరగతిలోని రామమూర్తి అను తమిళ ఇంజనీరు. ఇడ్లీలకై బెంగపెట్టుకొను ఈ పాత్ర బ్రౌను దొర తరగతినుండి దారితప్పి వచ్చినట్లున్నది. కంప్యూటరు ఉద్యోగమునకై న్యూయార్కు చేరిన దాక్షిణాత్యునికి ఇంగ్లీషు రాదనుట నమ్మశక్యమును కాదు. శశికి ఇచ్చిన మర్యాదను దర్శకురాలు అతనికి ఇయ్యలేదు. మూడవది, డేవిడ్ దయగలవాడని చిత్రము బాగుగా చూపినది గాని, ఆయన శ్రమను తక్కువగా చూపినది. తప్పులు దిద్దుట, అదే వాక్యమును ఏడవమారు విసుగులేక చెప్పించుట, ఇంటికి పోయి మరునాటి పాఠము సిద్ధము చేసికొనుట తెరకు రుచింపవు. కాని పంతులు పనిలో ముప్పాతిక వంతు అదియే.

నాలుగవది అన్నిటికంటె చిక్కైనది. పరీక్ష రోజే పెండ్లి రోజు అగును. కొడుకు చేతిలో లడ్డూలు నేలపాలు కాగా, శశి పరీక్ష మాని మరల లడ్డూలు చేయుటకు కూర్చుండును. పెండ్లివిందులో ఆమె ఇంగ్లీషున చేసిన చిన్న ప్రసంగమే పరీక్షయై, అతిథిగా వచ్చిన డేవిడ్ ఆమె ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణురాలైనదని చెప్పును. భర్తయు, కూతురును అప్పుడు తల వంచుకొందురు. మా సందేహము ఇది: మనిషికి గౌరవము ఇంగ్లీషువలన రాదని చెప్పదలచిన చిత్రము, తుదకు ఆ గౌరవమును ఇంగ్లీషు ప్రసంగముతోనే ఇప్పించినది గదా! ఆమె మాటాడలేకపోయియుండిన ఆ భర్త తల వంచియుండునా? విమానములోని హిందీ పత్రిక ఈ సందేహమునకు సగము జవాబు. మిగిలిన సగము జవాబు ఇండ్లలో మనము చెప్పవలసియున్నది.

ఇచ్చట మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. చెప్పుటకు మాకు సంతోషము లేదు. ఈ చిత్రమును మేము టెలివిజనున చూచితిమి. మా ఇల్లాలు ప్రక్కన కూర్చుండెను. బడి దృశ్యము వచ్చినప్పుడు ఆమె లేచి వంటింటికి పోయి, అది ముగిసిన తరువాత వచ్చినది. 1996లో మా అబ్బాయి చదువు ఇంగ్లీషు బడిలో తల్లిదండ్రుల సభ జరుగగా, "నీకు ఇంగ్లీషు రాదు గదా, నేనొక్కడినే పోయివచ్చెదను" అని ఆమెను ఆపినవారము మేమే. మాకు వచ్చిన ఇంగ్లీషు ఎంతటిది? కార్యాలయపు ఉత్తరముల నమూనాలలోని కాగితపు ఇంగ్లీషు. అధికారి యెదుట నోట రెండు వాక్యములు పలుకవలసివచ్చిన మాకు చెమట పట్టెడిది. అయినను ఇంట మేము పండితులము. చిత్రము ముగిసిన పిమ్మట ఆమె ఒక్క మాట అనెను: "ఆవేళ నేను చీర కూడా మార్చుకుని కూర్చున్నానండి." అంతియే. ఆ సంగతి ఇన్నేండ్లు మేము ఎరుగము.

మాకు ఇంగ్లీషు చెప్పిన గురువు ఇట్టివారు కారు. మెట్రిక్యులేషను తరగతిలో మాకు ఇంగ్లీషు మాష్టరుగారు ఒడియావారు; వారికి తెలుగు రాదు. తరగతిలో మూడవవంతు మేము తెలుగు పిల్లలము. వారు ఒక పేరా చెప్పి, మాలో ఒకనిని లేపి, "దీని అర్థము నీ ఇంటిభాషలో చెప్పు" అనెడివారు. వాడు తెలుగున చెప్పెడివాడు. ఆయన వానిని చూడక, మిగిలిన తెలుగు పిల్లల ముఖములు చూచెడివారు. మేము తలలూపిన "సరి" అని ముందునకు పోయెడివారు. మేము నవ్విన, ఎచ్చటనో పొరపాటు దొరలినదని గ్రహించి, పేరాను మొదటినుండి తిరిగి చెప్పెడివారు. తనకు రాని భాషలో తన పాఠము చేరినదో లేదో తెలిసికొను ఉపాయమును ఆయనకు ఏ పుస్తకము నేర్పినదో మేము ఎరుగము. 1975లో మేము ఉత్తీర్ణులమై, పట్టా చేతబట్టుకొని, వారికి ఒక నమస్కారమైనను చెప్పక ఉద్యోగపు వేటలో పడితిమి.

ఆ సంవత్సరముననే మన దేశమున తెరపాఠముల మహాప్రయోగము జరిగినది. అమెరికా ఉపగ్రహము ఏ.టి.ఎస్.-6 సాయమున, 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశము, కర్ణాటకము, ఒడిషా ఆ ఆరింటిలోనివి. తెలుగు, కన్నడము, ఒడియా, హిందీ అందలి భాషలు. ఉదయమున బడిపిల్లలకు, సాయంకాలమున పెద్దలకు కార్యక్రమములు. గమనింపదగినదేమన, ఆ తెర పిల్లలకొరకే కాక, బడిపంతుళ్లకు విజ్ఞానశాస్త్ర శిక్షణ ఇచ్చుటకును వాడబడినది. సుమారు 50,000 మంది ఉపాధ్యాయులు ఆ విధముగా శిక్షణ పొందిరి. పంతులు అక్కరలేదని నాటివారు తలపలేదు. తెరను పంతులు చేతికి ఇచ్చిరి. 2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడినప్పుడు ఇది తలక్రిందులైనది. పంతులే తెరలోనికి పోవలసివచ్చినది. మా మనుమరాలు అప్పుడు ఫోనులో పాఠములన్నియు వినినది. కాని ఇంగ్లీషున ఒక్క ప్రశ్నయు అడుగలేదు. బడి తెరచిన పిదప రెండు నెలలకు గాని ఆ పిల్ల నోరు విప్పలేదు.

ఇక మా ఆదివారపు తరగతి. రిటైరైన ఒక పంతులమ్మగారు చెప్పుటకు ఒప్పుకొనిరి. చేరినది తొమ్మండుగురు ఆడవారు. మేము ఆ కాఫీ అంగడి దృశ్యమును ఎన్నిక చేసి ఇచ్చితిమి. మూడు నాలుగు నిమిషముల దృశ్యమది. పంతులమ్మగారు దానిని మొదట ధ్వని లేకుండ వేసి, "ఏమి జరుగుచున్నది?" అని తెలుగుననే అడిగిరి. అందరును ఒకేమారు మాటాడిరి. రెండవమారు ధ్వనితో, అడుగున ఇంగ్లీషు అక్షరములతో వేసి, అంగడిపిల్ల అడుగు ప్రతి ప్రశ్నకు ఆపి, దానిని విడదీసి చెప్పిరి. అక్షరము కనబడినందున, చెవికి ఒకే ముద్దగా వినబడిన ప్రశ్న కంటికి మాటలు మాటలుగా విడిపోయినది. మూడవమారు తెర ఆర్పివేసి, బల్లను అంగడిగా చేసి, ఒక్కొక్కరిని కాఫీ అడుగుమనిరి.

రెండవమారు ఆపినప్పుడు, టెక్కలివైపునుండి కోడలుగా వచ్చిన ఒకామె అనెను: "ఆవిడ తప్పేటుందండీ? ఆ పిల్ల గబగబా మాటాడేసింది. నెమ్మదిగా అడిగితే చెప్పీదే కదా!" అందరును నవ్విరి. పంతులమ్మగారు నవ్వక, "మీరు చెప్పినదే నేటి పాఠము" అని, ‘కాస్త నెమ్మదిగా చెప్పండి’ అను అర్థమిచ్చు ఇంగ్లీషు వాక్యమును నల్లబల్లమీద వ్రాసి అందరిచేత చెప్పించిరి. చదువరులు ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెనని మా ప్రార్థన. శశికి ఆ నిమిషమున కావలసిన వాక్యము అదియే. అది తెరమీద లేదు. విద్యార్థిని ఫిర్యాదునుండి పంతులమ్మగారు తీసినది. తెర చూపగలదు, వినిపింపగలదు, విసుగులేక నూరుమార్లు తిరిగి చెప్పగలదు. నేడు మన ఉచ్చారణను విని తప్పు చెప్పు ఫోను ఏర్పాట్లును వచ్చినవి. వానిని వాడుకొనుట మంచిదే. కాని ఒక ఇల్లాలి నోట తెలుగున వచ్చిన ఆక్షేపణను పట్టి, దానినే ఆమెకు కావలసిన ఇంగ్లీషు పాఠముగా మలచి చేతికిచ్చుట పంతులమ్మ విద్య.

ఆ తొమ్మండుగురిలో మా ఇల్లాలును ఒకరు. ఆమె వంతు వచ్చినప్పుడు, మమ్ము బయటకు పొమ్మనెను. పోయితిమి. లోపల ఆమె ఏమి పలికెనో మేము వినలేదు. చప్పట్లు మాత్రము వినబడినవి.

కనుక మా నోటు యొక్క సారాంశము: వీడియోలు కొనవచ్చును, తెర కట్టవచ్చును. చిన్న దృశ్యమును ఎన్నుకొనవలెను. నేర్చుకొనువాడు నవ్వులపాలగు దృశ్యము వలదు. ఇంటిభాషను తరగతిలోనికి రానీయవలెను. తెర ప్రక్కన పంతులుకు కుర్చీ తప్పక వేయవలెను. ఆ కుర్చీకి జీతమును ఏర్పాటు చేయవలెను.

1962 మొదలు సెప్టెంబరు 5న మనము ఉపాధ్యాయ దినము జరుపుచున్నాము. అది తిరుత్తణిలో తెలుగు కుటుంబమున పుట్టి, మద్రాసు, మైసూరు, కలకత్తాలలో చదువు చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణగారి జన్మదినము. ఆ దినమున వారి పటమునకు దండ వేయుట మంచిదే. దానితోపాటు మన ఊరి బడులలో మన పిల్లలకు ఇంగ్లీషు చెప్పుచున్న పంతుళ్లను, వారు ఒడియావారైనను, తమిళులైనను, కన్నడిగులైనను, మరాఠీలైనను, మన మందిరమునకు పిలిచి కూర్చుండబెట్టవలెనని సమాజమువారిని కోరుచున్నాము. మా ఒడియా మాష్టరుగారు ఇప్పుడు లేరు. వారికి చెప్పవలసిన నమస్కారము ఏబది సంవత్సరములు ఆలస్యముగా ఇచ్చట చెప్పుచున్నాము. తమ గురువులు ఇంకను జీవించియున్న చదువరులు ఇంత ఆలస్యము చేయకుందురుగాక.